ఏలకుల కషాయం

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. అక్షరాలు వచ్చేవి కావు. యాభై రెండో ఏట నేర్చుకున్నాను. మా ఆయన జవాను. సరిహద్దు నుంచి వచ్చే ఉత్తరాల్లో చలి ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు, ఇవే ఉండేవి. ఎవరో చదివి వినిపించేవారు. నాకు తెలిసిన రాత అదే.

కెనడాలోని వాటర్లూలో హోటల్ వంటమనిషిగా దిగాను. ఏ బస్సు ఎక్కినా చదువుకోవడానికొచ్చిన మన పిల్లలే. డిసెంబర్‌లో హోటల్ వాళ్లు క్రిస్మస్ సంతలో గుడారం వేశారు. పదకొండు రోజుల డ్యూటీ. పన్నెండు నుంచి ఆరు. మైనస్ పద్దెనిమిది. రెండు స్వెట్టర్లు, రబ్బరు బూట్లు, పొడుగు గరిటె.

కౌంటర్‌లో స్టూడెంట్ అమ్మాయి. ఇద్దరిదీ ఒకే బేస్‌మెంట్ గది. నా కాగితాలన్నీ తనే చదివిపెట్టేది. మా ఆయన్ని రమ్ము తినేసిందని, చుక్క ముట్టనని ఆయన ఫొటో మీద ఒట్టు వేశానని తనకు తెలుసు.

బోర్డు మీద ఏముందని అడిగాను.

"హాట్ ఏల్. ఏలకుల కషాయం ఆంటీ."

కిచెన్ నుంచి నల్లటి నీళ్లు డబ్బాల్లో వచ్చేవి. లవంగం, చెక్క, శొంఠి, బెల్లంలాంటి పంచదార వేసి కాచేదాన్ని. రమ్ము వాసన నాకు తెలుసు. దీనిది రొట్టె వాసన. గంటకోసారి గరిటెతో రుచి చూసేదాన్ని. ఏలకుల రుచి తగల్లేదు. నా డబ్బాలోవి నాలుగు నలిపి వేశాను. అమ్మాయి చూస్తూ నిలబడింది.

వాకీటాకీలో, "కుండ సగమైంది, డబ్బా పంపండి" అనేది. రెండో డబ్బా వచ్చేది.

తొమ్మిదో రోజు మూడు గంటలకు ఒక తెలుగు అమ్మాయి వచ్చింది. ఆరో నెల కడుపు. వణుకుతోంది. నేనే గ్లాసు నింపి చేతిలో పెట్టాను. కషాయమే, తాగమ్మా అన్నాను.

ఆమె వాసన చూసింది. బోర్డు చదివింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఇది బీరు ఆంటీ."

నేను కౌంటర్ వైపు తిరిగాను.

"చెప్తే మీరు రారు కదా ఆంటీ. మనిషి దొరక్కపోతే నా షిఫ్ట్ కూడా పోయేది."

గరిటె కుండలో వదిలేశాను. ఖాళీ డబ్బా మీది లేబుల్ పీకి జేబులో పెట్టుకున్నాను. ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఒట్టు తప్పినందుకు ఆయన ఫొటోకి చెప్పుకున్నాను. నేను ఏలకులు నలుపుతుంటే కౌంటర్ అమ్మాయి మాట్లాడకుండా చూసిన చూపు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఆ రాత్రి గదికొచ్చి, చదవడం తనే నేర్పుతానంది. వద్దన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి లైబ్రరీకి వెళ్లాను. బల్ల దగ్గరున్న ఆవిడ ముందు లేబుల్ పెట్టి, మొదటి అక్షరం మీద వేలు ఉంచాను.