అంగడి పేజీలో ఆమె పేరు

ఉదయం ఇక్కడ నా గోడ మీద బీచ్ రోడ్డు ఫొటో ఒకటి పెట్టాను. కాసేపటికి దానికి నా భార్య పేరుతో హృదయం గుర్తు వచ్చింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఎవరో ఆమె ఖాతాలో దూరారనుకున్నాను. ఆ పేరుతో ఇంకెవరిని ఏమడుగుతారోనని భయం వేసింది.

ముత్తియాల్‌పేటలో ఆమె పెట్టిన జాకెట్ల అంగడిని ఇప్పుడు ఆమె చెల్లెలు చూసుకుంటోంది. నేరుగా అక్కడికే వెళ్ళి అడిగాను.

"నేనే నొక్కినా బావా. అంగడి పేజీ అక్క ఐడీలోనే కదా ఉండేది. అక్క పేరు నుంచి పేజీకి మారినా అనుకొని నొక్కేసినా," అంది, కత్తెర ఆపకుండా.

"అంగడి నా ఫొటోకి హృదయం ఎందుకు పెట్టాలి?"

"ఏం, అంగడికి నువ్వు చుట్టం కాదా ఏంది? ఇన్నాళ్ళకి ఒక ఫొటో పెట్టినావే అని సంతోషమయింది."

నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. మరదలి ఫోను తీసుకుని సందేశాలన్నీ చూశాను. అన్నీ చేతుల కొలతలు, మెడ లోతులే.

ఇక పేజీ నడిపేవాళ్ళలో మరదలి పేరు చేర్చి, నా భార్య పేరు తీసేద్దామని కూర్చున్నాం. మరదలి పేరు చేరింది. ఆ తర్వాత, నా భార్యను తొలగించాలా అని ఫోను అడిగింది. ఇద్దరిలో ఎవరమూ నొక్కలేదు.

"రేపు చూద్దాంలే బావా," అని మరదలు ఫోను బోర్లా పెట్టింది.

కాబట్టి ఆమె పేరుతో మీకేదైనా వస్తే అది మా మరదలే. అయినా ఒకసారి అంగడికి ఫోన్ చేసి కనుక్కోండి. మీలో ఇలా పేరు తీసినవాళ్ళెవరైనా ఉంటే, ఎలా తీశారో చెప్పండి. ఎక్కడ నొక్కాలో మాకు తెలుసు.