వద్దన్న హాలిబట్ హక్కు

నిన్న పొద్దున మా తోడల్లుడుగారు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, అలాస్కా నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. డెబ్బై దాటిన మనిషి, నారింజ రంగు రబ్బరు కోటు తొడుక్కుని, సొంత పడవ మీద, ముంగిట్లో పరిచిన చాపంత హాలిబట్ చేప పక్కన నిలబడి నవ్వుతున్నారు. నేనేమో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ ముందు కార్‌లో కూర్చుని, లోపల కొత్తిమీర ఏరుతున్న మా ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాను. దాపరికమెందుకు, ఆ ఫోటో చూసి నాకు కడుపు మండింది. ఈ మంట పాతికేళ్లు దాటిన పాత మంట.

మేమిద్దరం కాకినాడ దగ్గర పుట్టి, చేపల చదువే చదివి, అలాస్కాలోని కొడియాక్ దీవిలో ఒకే చేపల ఫ్యాక్టరీలో కుదురుకున్నవాళ్లం. అక్కడి గాలి పీల్చిన ఎవరికైనా పడవ పిచ్చి పట్టకమానదు, మాకూ పట్టింది. చెరిసగం వేసుకుని ఒక పాత చెక్కపడవ కొన్నాం. కాగితాలు రాయించేటప్పుడు ఆయన, నీ పేరూ పెట్టిద్దాం తమ్ముడూ అని రెండుసార్లు అడిగారు. పెద్దల్లుడుగారుండగా నా పేరెందుకండీ అని రెండుసార్లూ నేనే వారించాను. మన ఇళ్లలో మర్యాదంటే అదే కదా, పైగా అలా అన్నందుకు లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ రోజుల్లో హాలిబట్ వేటంటే ఇప్పటిలా తీరిక వ్యవహారం కాదు. పడవలు మరీ ఎక్కువైపోయాయని ప్రభుత్వంవారు ఏడాదిలో ఏవో కొద్ది రోజులే వేటకు వదిలేవారు, అదీ ఒక మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా. పెళ్లి ముహూర్తమైనా కాస్త జరుగుతుందేమో గానీ అది జరిగేది కాదు, తుఫానొచ్చినా సరే వెళ్లాల్సిందే. మైలు పొడవు తాళ్లకు వరసగా గాలాలు కట్టి, హెర్రింగ్ చేప ముక్కలు ఎర గుచ్చి, సముద్రం అడుక్కి దింపి, కన్ను మూయకుండా లాగేవాళ్లం. ఆయన చుక్కాని దగ్గర, నేను అంచు మీద కొక్కెం పట్టుకుని. రెండు కళ్లూ ఒకే పక్కకు చేరిన ఆ బల్లపరుపు చేప పైకి తేలినప్పుడు మేమిద్దరం ఒక్కసారే పెట్టిన కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. మా ఆడవాళ్లు ఇంట్లో మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండేవారు, ఎందుకంటే ప్రతి ఏడూ ఏదో ఒక పడవ తిరిగొచ్చేది కాదు.

తరువాత చట్టం మారింది. ఇకమీదట పరుగు పందెం లేదు, ఎవరి వాటా వారికి, నచ్చిన రోజున పట్టుకోవచ్చు. ఆ వాటా వెనకటి వేటను బట్టి ఇచ్చారు, పడవ కాగితాల మీద పేరున్నవారికే ఇచ్చారు. అంచు మీద నిలబడి లాగిన చేతులను ఎవరూ అడగలేదు.

ఆయన పేర వాటా ఉత్తరం వచ్చిన రోజు మమ్మల్ని భోజనానికి పిలిచారు. అన్నాల దగ్గర ఆయన, ఇందులో సగం నీ పేర రాయించేస్తాను తమ్ముడూ అన్నారు. అబ్బే, వద్దులెండి అన్నయ్యా అన్నాను. మొదటిసారి అడగ్గానే సరేనంటే ఆబగా ఉంటుందని మన పెద్దలు నేర్పిన పాఠం. రెండోసారి అంటారు, అప్పుడు తల వంచుకుని మీ ఇష్టం అందామని కాచుకున్నాను. ఆయన సరేనని ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి పులుసు గిన్నె నా వైపు జరిపారు.

ఇంటికొస్తూ ట్రక్‌లో మా ఆవిడ, మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే మోటు సామెతను సగం చెప్పి ఆపేసింది. మిగతా సగం నాకు నిద్రపట్టనివ్వలేదు. సగం నాదైన పడవ మీద ఒక ఏడాది కూలివాడిలా పనిచేసి, ఇక ఓర్చుకోలేక నా సగమూ ఆయనకే ఇచ్చేసి, టెక్సస్‌లో ఆఫీస్ ఉద్యోగానికి వచ్చిపడ్డాను. అక్కణ్ణుంచి ఆయన ప్రతి సుఖమూ నాకు ముల్లే. సముద్రం నిమ్మళంగా ఉన్న రోజు చూసుకుని బయల్దేరతారట, ఆదివారం చర్చి మానరట. పోనీ చెడ్డమనిషా అంటే కాదు, అయ్యుంటే తిట్టుకునైనా చల్లబడేవాణ్ణి.

మొన్న ఈస్టర్‌కు ఇర్వింగ్ వచ్చినప్పుడు, వరండాలో కూర్చుని ఆయనే ఎత్తారు.

“ఆరోజు నువ్వు వద్దన్నావని చానా రోజులు బాధపడ్డాను తమ్ముడూ. నాతో పొత్తు నీకిష్టం లేదేమో అనుకున్నా. ఓ పక్క పడవలో పనిచేసేవాడివి, ఓ పక్క నా మొహం చూసేవాడివి కాదు. ఇప్పుడైనా చెప్పు, సగం ట్రాన్స్‌ఫర్ చేయించేదా?”

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన రెండో పిలుపు అది. నోరు మాత్రం దాని దారిన అది, “అబ్బే, ఈ వయసులో నాకెందుకండీ అన్నయ్యా” అనేసింది. ఆయన తలూపి, ఎండ బాగా కాస్తోందన్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, మన తరానికేమో అడిగి పెట్టినా ఒకటికి రెండుసార్లు బతిమాలాలి. అలా బతిమాలే ఓపిక ఎప్పుడు పోయిందో తెలియదు. ఆయన్ని అనడమెందుకు, పోయిన వారం చర్చికి కొత్తగా వచ్చిన జంటను భోజనానికి పిలిచాం. ఆ అమ్మాయి కూర చాలంకుల్ అంటే, నేనూ మారు మాట్లాడకుండా గిన్నె మీద మూత పెట్టేశాను.