తోడు లేకుండా కడప దాకా

నందికొట్కూరు నుంచి కడపకు నేను పెళ్ళికో మొక్కు తీర్చుకోవడానికో వెళ్ళలేదు. ఒక సమావేశంలో రోగిగా మాట్లాడటానికి వెళ్ళాను. చాలా ఏళ్ళుగా నాకు దిగులు జబ్బు ఉంది. మా ఊరి ప్రభుత్వాసుపత్రికి వారానికోసారి వచ్చే సైకాలజిస్టు మేడం దగ్గర కౌన్సెలింగు తీసుకుంటున్నాను. చిన్న ఊళ్ళలో మానసిక వైద్యం ఎలా నడవాలో కొత్త నియమాలు రాస్తున్నారు, ఆ కమిటీలో మేడం కూడా ఉన్నారు. ఇంట్లోవాళ్ళు తోడు వస్తేనే రోగిని చూడాలన్నది అందులో ఒక నియమం. అదే ఖాయమైతే తోడొచ్చే మా అన్నకు తీరిక దొరికిన రోజే నాకు వైద్యం. రోగుల్ని అడక్కుండా దీన్ని ఒప్పుకోకూడదని మేడం పట్టుబట్టారు, అలా నాకు పిలుపొచ్చింది. అన్న తానూ వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. అన్న వస్తే అందరూ తననే అడుగుతారు, నేను పక్కన పెట్టిన సంచిలా కూర్చోవాలి.

తెల్లారకముందే కర్నూలు చేరుకుని, ఆరున్నరకు కడప ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటలకు పైనే పడుతుంది. ఆడవాళ్ళం ఆధార్ చూపిస్తే టికెట్టుకు డబ్బివ్వక్కర్లేదు గానీ, కిటికీ పక్కన సీటు కావాలంటే ముందే వెళ్ళాలి. కండక్టరు నా కార్డు చూసి, పక్క సీటు వైపు చూశాడు.

"యెంట ఎవురూ రాలేదా మ్మా?"

"లేదన్నా."

"కడప దాకా ఒక్కదానివే పోతాండావా?"

ఆయన మామూలుగానే అడిగాడు, నేనే తడబడి తలూపాను. నంద్యాలలో ఒకసారి, ఆళ్ళగడ్డలో ఒకసారి దిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను. బయట నల్లరేగడి చేలు అయిపోయి ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు వచ్చాయి. నేను చెప్పాల్సిన మాటల్నే మళ్ళీ మళ్ళీ వల్లె వేసుకుంటున్నాను.

మైదుకూరులో టిఫిన్ కోసం ఆపారు. ప్లేటు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. రెండు ముద్దలకే ప్లేటు పక్కన పెట్టేశాను. బజ్జీలు వేస్తున్నామె గమనించింది.

"ఏంక్కా, కారమైందా?"

"లేదు మ్మా, భయంగా ఉండాది."

"పరీచ్చ రాసేకి పోతాండావా?"

"అట్లాంటిదే."

"అయితే టీ అన్నా తాగిపో. ఉత్త కడుపుతో పోతే కండ్లు తిరుగుతాయి."

తాగాను. మంచి సలహా.

కడప బస్టాండు నుంచి సమావేశం జరిగే ఆఫీసుకు ఆటో అతను యాభై తీసుకున్నాడు. ఎండ మండిపోతోంది. సమావేశం రెండింటికి. లోపల పెద్ద బల్ల చుట్టూ అధికారులు, డాక్టర్లు కూర్చున్నారు. మేడం నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన నన్నొకసారి చూసి, మేడం వైపు తిరిగి అడిగారు. "ఈమెకు ఇప్పుడెట్లా ఉంది? మందులు సరిగ్గా వేసుకుంటోందా?"

"ఆమె ఈడనే ఉంది కదా సార్, ఆమెనే అడగండి," అన్నారు మేడం. "వీళ్ళ బదులు మాట్లాడేకి రాలేదు నేను."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మేడం మీద కోపమొచ్చింది. ఆమె అయితే ఎంత చక్కగా చెప్పేవారు. నేను వల్లె వేసుకున్నదంతా మరిచిపోయాను. నోటికొచ్చింది చెప్పాను.

"మా అన్న శానా మంచోడు సార్. పని మానుకోని నా యెంట వస్తాండె. ఎట్లుండావని మేడం అడిగితే బాగుండానని చెప్తాంటి. సచ్చిపోవాలనిపిస్తాందని అన్న ముందర ఎట్లా చెప్పేది? ఏడుస్తాడని చెప్పలే. ఒకనాడు అన్నకు కుదరక ఒక్కదాన్నే పోయినా. ఆ పొద్దు నోరిప్పినా. తోడు లేదని ఆ పొద్దు నన్ను యెనక్కి పంపించింటే, ఇప్పుడు మీ ముందర ఉండను సార్."

తర్వాత ఒక డాక్టరు, ఒంటరిగా వచ్చిన రోగికి ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అడిగారు. ఆ ప్రశ్నకు మేడం జవాబిచ్చారు. చివరికి ఆ నియమాన్ని మళ్ళీ చర్చిస్తామన్నారు. తీసేస్తామని మాత్రం అనలేదు.

కర్నూలు బస్సు కోసం నిలబడి ఉండగా అన్న ఫోన్ చేశాడు. "ఏం చెప్పినావు పాపా?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేను బయట కూచోనుంటే సరిపోతాండె కదా," అన్నాడు. "ఒక్క మాట చెప్పింటే బయటే కూచోనుంటి."

సైకాలజిస్టులు మన తరఫున గట్టిగా మాట్లాడితే చాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మనకొక కుర్చీ వేయించి, మనం తడబడుతున్నా పక్కనే కూర్చుని నోరు మూసుకోవడం అంతకంటే కష్టమైన పని అని ఆ రోజు తెలిసింది. నా భయమేమీ పోలేదు. ఆ నియమం ఏమవుతుందో ఇంకా తెలియదు, ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. ఇలాంటి సమావేశానికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సూచన: అక్కడ చెప్పబోయేది ముందు ఇంట్లో చెప్పి బయల్దేరండి. మా అన్నకు అది బస్టాండు రొద మధ్య, ఫోన్లో తెలిసింది.