పోయినవాడి లెక్క

ఇది రాయకూడదనే అనుకున్నాను. రాసి ఎవర్ని ఉద్ధరించాలి? కానీ మొన్న సంతాపసభలో ఒక మహానుభావుడు లేచి, మా లెక్కల మాస్టారు "పరమ సౌమ్యులు, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగరు" అన్నాడు. అది విన్నాక చెయ్యి ఊరుకోలేదు. బిలాస్‌పూర్ రైల్వే స్కూల్లో మన పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు గడిచిన శుక్రవారం పొద్దున కన్నుమూశారు. టీ గ్లాసు చేతిలోనే ఉందట. ఆ టీని కూడా తిట్టే ఉంటారు.

సౌమ్యులట! లోకంలో సగంమందంటే ఆయనకు ఏవగింపు. మిగతా సగంతో పరిచయం లేదు.

నేను ఆయన పక్కింటివాణ్ణి. రైల్వే దొరల క్లబ్బు ఉందే, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో బీరువాలు తుడుస్తాను. నా ఇంగ్లీషు అక్కడిదే. మొదట సీసాల మీది చీటీలు చదివాను, తరవాత పుస్తకాలకు దిగాను. సీసాలే నయం, లోపల ఉన్నదే పైన రాసి ఉండేది. తెలుగులో తలకట్లూ ఒత్తులూ మాత్రం మాస్టారు నేర్పినవి. "నీ వాక్యానికి గొడుగు లేదయ్యా, తడిసిపోతోంది" అని చీవాట్లు పెట్టి మరీ దిద్దేవారు. ఇకమీద నా ఒత్తులు అనాథలు.

మామిడిపళ్ళ లెక్కలు ఆయనకు గిట్టేవి కావు. "ఇరవై పళ్ళు ఒక్కచోట ఎప్పుడు చూశావురా? మీ నాయన పట్టాలు మోస్తాడు, పట్టాల లెక్క చెయ్యి" అనేవారు. అలా లెక్కలకోసం వెతుకుతూ, ఏడాదికి లైను మీద మనవాళ్ళు ఎంతమంది చస్తున్నారో తెలుసుకోవాలన్న పురుగు ఆయన్ని తొలిచింది. కొత్తవలస నుంచీ బొబ్బిలి నుంచీ మనుషులు రావడం అందరికీ తెలుసు. తగ్గడమే ఎవరికీ తెలియదు.

స్టేషన్‌లో అడిగితే అది తమ డిపార్టుమెంటు కాదన్నారు. పేపర్లు తిరగేశారు. దొరగారి కుక్క బండికింద పడితే రెండు పేరాలు. పట్టాలు బాగుచేసే గాంగ్‌మన్ పడితే, ఆ పూట బండి ఆలస్యమైందని ఒక వాక్యం. చివరికి రైలు కంపెనీ ఏటేటా రిపోర్టు అచ్చువేస్తుందని తేలింది. అట్టమీద "ప్రజల ఎరుక కొరకు" అనే అర్థం వచ్చే ముక్క కూడా ఉంటుంది. ఆ రిపోర్టు ఎక్కడుంది? మా ఇన్‌స్టిట్యూట్‌లో. ప్రజలు లోపలికి రాకూడదని గుమ్మంలోనే బోర్డు.

మధ్యాహ్నం దొరలు కునుకు తీసే వేళ వంటింటి తలుపులోంచి ఆయన్ని తీసుకెళ్ళాను. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"కూర్చుంటే వీళ్ళకి అతిథినైపోతాను" అన్నారు. నిలబడే చదివారు.

రిపోర్టు చాలా శుభ్రంగా ఉంది. విరిగిన పెట్టెలకు ఒక వరుస, పశువులకు ఒక వరుస. ఏదో అడవిలో ఇంజను ఢీకొన్న ఏనుగుకు అడుగున ప్రత్యేకంగా ఒక గమనిక. ఏనుగుగా పుడితే ఆ సుఖం వేరు. పనిలో చనిపోయిన నౌకర్ల వరుసలో మా సెక్షన్‌కి ఎదురుగా సున్నా.

"మరి ఎర్రన్న ఏడీ?" అన్నారు మాస్టారు.

ఎర్రన్న మా వీధి గాంగ్‌మన్. ఆ ఏడాది వానల్లో, కట్నీ లైను అడవిలో బోల్టులు బిగిస్తూ ఉంటే వెనక్కి వస్తున్న ఇంజను కొట్టేసింది. డ్రైవరు తన ఇంజనుకేమీ తగల్లేదన్నాడు. వానలకు దారి తెగిపోయి, గాంగ్‌వాళ్ళే అక్కడ దహనం చేసి వచ్చారు. తరవాత కంపెనీ అతని భార్య నర్సమ్మను క్వార్టరు ఖాళీ చెయ్యమంది. కారణం, ఆమె మొగుడు డ్యూటీ వదిలి పారిపోయాడట.

మాస్టారు గాంగ్ మేస్త్రీని పిలిపించారు.

"ఆఫీసులో ఏమని చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏటంటాను మాస్టారూ, ఎర్రన్న డూటీలో పోయాడనేశాను."

"తెలుగులోనా?"

"ఆ బాబుకి తెలుగెక్కడిదండీ! ఇందీలోనే సెప్పాను. ఎర్రన్నా డూటీ సే చలా గయా, అని."

"అతనేమన్నాడు?"

"అచ్ఛా అన్నాడు. రాసీసుకున్నాడు."

మనం చచ్చినవాణ్ణి చచ్చాడనం, మర్యాదకు పోయాడంటాం. ఆ మర్యాదను మేస్త్రీ తన వచ్చీరాని హిందీలో పెట్టాడు. గుమస్తాకు అది పని వదిలి వెళ్ళిపోయినట్టు వినిపించింది. పోనీ, ఎక్కడికి వెళ్ళాడని ఒక్క ప్రశ్న అడిగినా సరిపోయేది. అడగడం తన డిపార్టుమెంటు కాదు కాబోలు.

మాస్టారూ నేనూ హెడ్ క్లర్కు దగ్గరికి వెళ్ళాం. మొన్న సభలో సౌమ్యులన్నది ఈయనే. మన శ్రీకాకుళం వైపు మనిషే గానీ, ఆఫీసులో తెలుగు వస్తే తుమ్ము వచ్చినట్టు ఆపుకునేవాడు.

"రిపోర్టు అచ్చయిపోయింది మాస్టర్‌జీ. ఎంట్రీ మార్చాలంటే ప్రొసీజర్ ఉంది. ఆబ్సెంట్ అయినవాడు స్వయంగా వచ్చి సంజాయిషీ ఇవ్వాలి."

"చచ్చినవాడు వచ్చి, తను పారిపోలేదని చెప్పాలి. అంతేనా?"

"రూల్ అలా ఉంది. నేనేం చేస్తాను?"

"మీరేం చెయ్యరు. అందుకేగా ఆ కుర్చీ ఇచ్చారు. కదలకండి, ఎర్రన్న వస్తే మీరు లేకపోతే మళ్ళీ అతనికే ఆబ్సెంట్ వేస్తారు."

ఇదీ ఆయన పల్లెత్తు మాట అనకపోవడం.

నర్సమ్మ సామాను బయట పెట్టారు. మాస్టారు తమ వసారాలో చోటిచ్చి, మళ్ళీ అర్జీ పెడతానన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కోటరు పోతే పోనీండి మాస్టారూ. తట్టెత్తుకుని కూరలమ్ముకుంటాను. ఆడు నన్నొగ్గేసి పారిపోనేదని ఆ కాయితం మీద రాయించండి, సాలు. మా ఊరోళ్ళు ఏటంటున్నారో తెల్సా? ఇంకోదాన్ని ఉంచుకున్నాడంట."

అర్జీలు పెట్టారు. పెట్టినచోటే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మాస్టారు మళ్ళీ వంటింటి దారిన వచ్చి, ఆ ఏటి రిపోర్టు తీయమన్నారు. జేబులోంచి బ్లేడు తీసి మా సెక్షన్ ఎదుటి సున్నాను ఓపిగ్గా గీకారు. గోటితో నున్నగా రుద్ది, ఆ చోట సన్న పాళీతో ఒకటి వేశారు. అచ్చులాగే ఉంది. అడుగున మొత్తం కూడా సరిచేశారు.

"దొంగ లెక్క కదా మాస్టారూ?" అన్నాను.

"తప్పు లెక్కను సరిచేస్తే దిద్దడం అంటారు. నా ఉద్యోగమే అది."

దానివల్ల ఏదో జరుగుతుందని ఆయన అనుకోలేదు. తప్పు కనబడ్డాక దిద్దకుండా పుస్తకం మూయలేరు, అంతే. అదే నాకు ఆయనలో నచ్చింది. దొరలు ఆ బీరువా వంక చూడరు. ఏనుగు గమనిక కూడా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

కిందటి చలికాలంలో ఆఫీసునుంచి కొత్త గుమస్తా ఒకడొచ్చాడు. ఆఫీసు దగ్గరి పాత రిపోర్టులు చెదలు తినేశాయట. వెనకటి ఏళ్ళతో పోల్చే పట్టిక వెయ్యాలట. పుస్తకాలు దుమ్ము దులిపి ఇచ్చాను. ఎదురుగా కూర్చుని అంకెలన్నీ ఎక్కించుకున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. మాస్టారికి చెబితే, "వాళ్ళ బద్ధకమంత నమ్మకమైనది ఇంకోటి లేదు" అన్నారు. అచ్చయ్యేదాకా ఆయన ఉండలేదు.

కొత్త రిపోర్టు నిన్న వచ్చింది. పట్టికలో ఆ ఏడాదికి, మా సెక్షన్‌కి, పనిలో చనిపోయిన నౌకర్లు: ఒకటి.

సాయంత్రం బుధవారీ బజారుకు వెళ్ళి నర్సమ్మకు చెప్పాను.

"ఒకటంటే ఆడేనా?" అంది.

"ఆడే."

ఆమె మిగిలిన వంకాయలు తట్టలో సర్దుకుంది. తలమీద చుట్టకుదురు పెట్టుకుంది.

"ఓపాలి ఎత్తన్నయ్యా" అంది.

ఎత్తాను.