గాలి పట్టిన మోటారు

చరితకు కాలు ఆడించకుండా కూర్చోవడం రాదు. ఉప్పళంలో నీళ్ళ ట్యాంకు కింద మోటార్ల గదిలో ఆమెకు ఉద్యోగం, తండ్రి పోయాక వచ్చినది. స్విచ్చు వేశాక ట్యాంకు నిండేదాకా పనేమీ ఉండదు. ఆ సమయంలో శబ్దాలు రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లో కోసి అతికించి పాటలు కట్టేది.

పోయిన వేసవిలో పైపులో నీళ్ళకు బదులు గాలి చేరి, పాత మోటారుకు గాలి పట్టింది. మూడు దెబ్బలు డుగుడుగుమని, ఒక ఎగశ్వాస, ఆలస్యంగా నాలుగోది. మెకానిక్కు వచ్చి బాగుచేసేలోపు చరిత దాన్ని ఫోన్లో పట్టేసింది. అడుగున బరువైన బేస్ వేసింది, పైన ఇనుప నిచ్చెన మీద చెంచాతో కొట్టిన చప్పుడు. గొంతు లేదు, మాట లేదు. పేరు ‘గాలి పట్టిన మోటారు’.

నాలుగో దెబ్బ కోసం ఆడేవాళ్ళు ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోతుంది. జనానికి నచ్చింది అదే. బీచ్ దగ్గర ఆదివారం సాయంత్రాలు డ్యాన్సులు నడిపే ఆనంద్ దాన్ని వాయించాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎక్కడ విన్నా అదే తడబాటు: రెడ్డియార్‌పాళయం బట్టలకొట్టు ప్రకటనలో, పెళ్ళిమండపం కీబోర్డులో, జిమ్ములో. కానీ ప్రతివాళ్ళూ ఆ ఖాళీలో చప్పట్లో, ఈలలో దూర్చేవాళ్ళు. చరితకు ఒళ్ళు మండేది. అన్నం ముందు కూర్చుని మధ్యలోనే లేచిపోయేది.

“ఏందే, చీమలు కుట్టినట్టు?” అని తల్లి వసంతకుమారి కసిరేది.

ఒక మధ్యాహ్నం ఒర్లియంపేటలో శవయాత్ర ఎదురైంది. డప్పులవాళ్ళు ఆ దరువే కొడుతున్నారు, ఖాళీని ఖాళీగానే వదిలి. చరిత బండి ఆపి దిగింది. స్కూటర్ తోసుకుంటూ శ్మశానం గేటు దాకా నడిచింది. డప్పులు దించాక పెద్దాయన ఇరుసప్పన్‌ను పలకరించింది.

“అణ్ణా, ఈ దరువు యాడ నేర్చినారు?”

“మా కూతురు ఫోన్లో ఈ పాట ఇంటా ఉండె. ఏం పాపా?”

“అది నేను చేసిందేణ్ణా.”

“నువ్వా! అయితే చెప్పు, ఆడ ఎంతసేపు ఆపాల? మావాళ్ళు ముగ్గురు మూడు తీర్లుగా దిగతా ఉండారు.”

చరిత డప్పు మీద వేళ్ళతో కొట్టి చూపబోయింది. రాలేదు. ఫోన్లో మోటారు అసలు రికార్డింగు పెట్టి ఇద్దరూ విన్నారు. ఒక ఖాళీ పొట్టిది, ఒకటి పొడుగు, మరోసారి అసలు ఖాళీయే లేదు. వాటన్నిటినీ ఒకే కొలతకు కోసింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. చప్పట్లు దూర్చడానికి అంత చక్కగా చోటు చేసిపెట్టింది కూడా తనే.

“ఇది బాగుండాది,” అన్నాడు ఇరుసప్పన్. “దీంతో కొడదామా?”

మర్నాడే మోటార్ల గదిలో ముగ్గురు డప్పులవాళ్ళూ కూర్చుని, ఆ రికార్డింగు వింటూ వాయించారు. చరిత దాన్ని రికార్డు చేసింది, ఒక్క దెబ్బా కొయ్యలేదు.

ఆదివారం బీచ్ దగ్గర ఆనంద్ ఆ కొత్తదాన్ని వేశాడు. ఆడేవాళ్ళు తడబడ్డారు, ఒకరినొకరు గుద్దుకున్నారు. చాలామంది కుర్చీల్లోకి వెళ్ళిపోయారు.

“పాతది పెట్టేదా?” అని ఆనంద్ అడిగాడు.

“వద్దు, ఉండనీ,” అంది చరిత. గోరు కొరుక్కుంటూ స్పీకర్ పక్కనే నిలబడింది. మిగిలిన నలుగురైదుగురు కళ్ళు మూసుకుని, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియక, ఒంటికాలి మీద ఊగుతున్నారు.