మందు పనిచేయలేదు, ఎవరి వల్ల?

అరకు పైన మా కాఫీ తోటలో పండ్లు కోస్తున్న రోజు, బుట్ట తాడు ఒరుసుకున్న చోట నా భుజం నల్లగా కమిలిపోయింది. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. సంతలో తూకం రెండోసారి వేయించనిదే కదలను. కొత్త తాడు తెచ్చినందుకు నా భర్త సోమన్నను ఆ సాయంత్రమంతా సాధించాను. మర్నాడు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. అప్పుడు తాడు మీద కోపం పోయి భయం పట్టుకుంది.

విశాఖలో బ్లడ్ టెస్ట్ చేసి, తర్వాత నడుము ఎముకలోంచి బోన్ మ్యారో తీశారు. "ఏఎంఎల్. అంటే బ్లడ్ క్యాన్సర్. కీమో వెంటనే మొదలుపెట్టాలి" అన్నారు డాక్టరమ్మ. సీసా మీద పేరు చదవనిదే నేను సూది పొడవనిచ్చేదాన్ని కాదు. జుట్టు రాలింది, నోరు పూసింది. చివరికి "రెమిషన్, జబ్బు అణిగింది" అన్నారు. ఆ మాటనూ పూర్తిగా నమ్మలేదు.

ఇంటికొచ్చాక మా మామగారి చెల్లెలు చిలకమ్మత్త, రాత్రి కాచి ఉంచిన రాగి అంబలి రోజూ పొద్దున తెచ్చేది. ఒంటరి మనిషి, ఇల్లు మాకు తూర్పున. కాఫీ మళ్లీ పూతకొచ్చే వేళకు నాకు జ్వరం తగిలింది. "రిలాప్స్. జబ్బు తిరగబెట్టింది. కొన్ని సెల్స్ మందుకు లొంగలేదు" అన్నారు డాక్టరమ్మ.

సోమన్న మంత్రాలు వేసే గురువు దగ్గరికి పోయాడు. గురువు చేటలో బియ్యం చూసి, తూర్పు వైపు ఇంటివాళ్లు నాకు చిల్లంగి పెట్టారన్నాడు. అంటే చేతబడి.

"అంత పెద్ద మందు ఊరికే పనిసెయ్యకుండా పోద్దేటి? అత్తని ఊర్నించి పంపించేత్తామంటన్నారు పెద్దలు" అన్నాడు సోమన్న.

"తూరుపున మూడిళ్లున్నాయి. మగదిక్కు నేని ఇల్లే అగుపించిందేటి ఆ బియ్యంలో?" అన్నాను.

అన్నానే గానీ, మర్నాడు అంబలి గిన్నె దగ్గర నా చెయ్యి ఆగింది. అత్త చూసింది.

సోమన్నను ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లి, అతని ఎదుటే అడిగాను. "డాక్టరమ్మా, నాకెవరైనా ఏటైనా పెట్టినారా?"

ఆవిడ నవ్వలేదు. "ఎవరూ పెట్టలేదమ్మా. చావకుండా కాపాడే జీన్స్ ప్రతి సెల్‌లోనూ ఉంటాయి. అవి ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నదానికి ఒక అదుపు ఉంటుంది. మీ క్యాన్సర్ సెల్స్‌లో ఆ అదుపు తప్పింది. కీమో పడుతున్నా, కొన్ని సెల్స్ ఆ జీన్స్‌ను మరింత గట్టిగా పనిచేయించుకుని బతికిపోయాయి. ఇప్పుడు ఆ రక్షణనే దెబ్బతీసే టాబ్లెట్ ఇస్తాం."

"అయితే ఇది దీని ఒంట్లోదేనా?" అన్నాడు సోమన్న.

"ఆమె ఒంట్లోదే."

ఆ మాట ఊరి పెద్దలకు సోమన్నే చెప్పాడు. సగం మంది నమ్మారు. అత్తను మాత్రం పంపలేదు.

టాబ్లెట్లు వాడుతుండగా ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ మంచమెక్కాను, మెల్లగా కోలుకున్నాను. ఇప్పుడు రిపోర్టులు బాగున్నాయి. అయినా పొద్దున లేవగానే జబ్బు తిరిగొస్తే చర్మం కింద రక్తం చిమ్మి పడే ఎర్ర చుక్కలు కాళ్ల మీద ఉన్నాయేమోనని వెతుక్కుంటాను. తోటి రోగులకు ఒక్కటే చెబుతాను. మందు పనిచేయకపోతే ఎవరు చేశారని ఊళ్లో అడగకండి. సెల్స్‌లో ఏం మారిందని డాక్టర్‌ను అడగండి, ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

చిలకమ్మత్త అంబలి తెస్తూనే ఉంది. నాకిచ్చే ముందు తాను ఒక గుక్క తాగుతుంది. వద్దత్తా, నాకు సిగ్గేత్తంది అంటే, "సల్లారిందో నేదో సూత్తన్నానే గుంటా" అంటుంది.

అంబలి రాత్రే చల్లారి ఉంటుంది.