మామగారిని అతికించిన చలికాలం

మా మామగారిని నేనొకసారి గదిలో పెట్టి అతికించేశాను. ప్రేమతోనే చేశాను. అందుకే పని అంత గట్టిగా కుదిరింది.

అప్పట్లో మేం మాదన్నపేటలో రహీం భాయ్ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆయనకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. మాకు పెంకుల కప్పున్న ఒక గది, పక్కన వంటకొట్టు. నా భార్య అనసూయ కాపురానికొచ్చిన మొదటి చలికాలం. కూతుర్ని చూడవచ్చిన మామగారు గదిలో కాసేపు కూర్చుని, గొంగడి తలమీదికి లాక్కున్నారు.

"అల్లుడా, గిది ఇల్లా, నీళ్ల బాయా? చలి పొయ్యేదాంక బిడ్డ మాతాన్నే ఉంటది. రేపు పొద్దుగాల తోల్కపోత."

నాకూ అనసూయకూ అప్పుడప్పుడే మాటలు కలుస్తున్నాయి.

నేను బడిపంతులిని. వెచ్చటి గాలి పైకి పోతుందని, దాని చోటికి సందుల్లోంచి చల్లగాలి దూరుతుందని పుస్తకంలో చదివినవాడిని. కప్పు నా వల్ల కాదు. సందుల సంగతి చూడగలను.

"ఈ ఒక్క రాత్రి పండి చూడుండ్రి మామా. చెమట పట్టకుంటే తోల్కపోండ్రి."

గోనె పీలికలు చింతగింజల జిగురులో ముంచి కిటికీ సందుల్లో దట్టించాను. కుంపటితో గది వెచ్చబెట్టి, కుంపటిని బయటికి తెచ్చి, మామగారిని లోపలికి పంపాను. తర్వాత తలుపు చుట్టూ కూడా రోకలితో దట్టించాను.

"మరి బాపు ఎట్ల బయటికొస్తడు?" అంది అనసూయ.

"తలుపు తీసుకొని."

ఆమె నన్నొకసారి చూసి వంటకొట్టులోకి వెళ్లిపోయింది.

చింతగింజల జిగురు సంగతి మీకు తెలియకపోతే అదృష్టవంతులు. ఎండితే అది గోడ.

తెల్లారగానే తలుపు దడదడలాడింది.

"అల్లుడా! తియ్యి!"

లాగాను. జవాబు రాని పిల్లాడిలా తలుపు బిగుసుకుని నిలబడింది.

"వెచ్చగున్నదా మామా?" ఆశ చావక అడిగాను.

"పెసలేస్తె ఉడుకుతయి! ముందు తియ్యి!"

ఆ అరుపులకు రహీం భాయ్ పరుగెత్తుకొచ్చారు. "అరె పంతులూ, ఏందీ లొల్లి?"

"మామ లోపల అతుక్కున్నడు భాయ్. తలుపు పగలగొడత."

"యా అల్లా! మా అబ్బా చేయించిన టేకు తలుపది! ముట్టకు! పైన పెంకులు తీయి!"

నిచ్చెన వేసి పెంకులు తీశాం. మామగారు లోపల మంచం నిలబెట్టి ఎక్కారు. ముందు తలపాగా, తర్వాత మీసాలు, ఆ తర్వాత మనిషి. ఆ మంచులో ఆయన ఒంటినుంచి ఆవిరి లేస్తోంది. వెచ్చటి గాలి కప్పులోంచి పోతుందని పుస్తకంలో ఉంది. మామగారూ అదే దారిన పోతారని లేదు.

కిందికి దిగి ముఖం తుడుచుకున్నారు. "చెమటైతే పట్టింది," అన్నారు. మాట తప్పే మనిషి కాదు. మళ్లీ పైకి చూశారు. "గని ఇప్పుడు కప్పుకే బొక్కపడ్డది. నడువు బిడ్డా."

అనసూయ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "నేను రాను బాపు. గీయనను ఒక్కన్నే ఇడిసిపెడితే రేపు చార్మినార్ సందులు గూడ మూస్తడు."

మామగారు ఒంటరిగానే బండెక్కారు.

ఇప్పుడు అనసూయ లేదు. తలుపు కింద నుంచి చలిగాలి వస్తూనే ఉంటుంది. రానిస్తాను. చింతగింజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ తలుపు సందూ మూయను. ఒకవేళ మూసినా, లోపల మామగారెవరూ లేరని చూసుకునే మూస్తాను.